రాతివడ్రంగి పేరు

గుంటూరు మొదలు ఒంగోలు వఱకు గల నల్లరేగడి భూములలో ఏ యూరికి బోయినను దేవాలయపు గోడమీదనో, పాఠశాల వాకిటనో, సత్రపు టరుగుమీదనో చెక్కిన పలక యొకటి కనబడును. కట్టించినవారి పేరు, వారి తండ్రిగారి పేరు, ఇచ్చిన ద్రవ్యమెంతయో, ఎవరి జ్ఞాపకార్థమో, ఏ సంవత్సరమున ఏ తిథినాడో అందు శ్రద్ధతో లిఖింపబడియుండును. ప్రారంభోత్సవము చేసిన పెద్దమనుష్యుని పేరు మఱింత పెద్ద యక్షరములలో నుండును. ఆ యక్షరములను ఎండలో కూర్చుండి ఉలితో చెక్కినవాని పేరు మాత్ర మెచ్చటను ఉండదు. మిరపపంట అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత తీసి గుడికి గోపురము కట్టించిన రైతు పేరు నిలువవలసినదే. అందు వివాదము లేదు. కాని ఆ గోపురమును నిలువబెట్టిన చేతికి పేరక్కఱలేదని మన కెవరు చెప్పిరి?

చెప్పినవారు లేకపోలేదు. శిల్పమునుగూర్చి వ్రాయు మన విమర్శకులలో ననేకులు ఈ యలవాటును ఒక సిద్ధాంతముగా మార్చిరి. భారతీయ శిల్పి కీర్తిని కోరలేదట. తన పనిని దైవార్పణము చేసి తాను మఱుగునకు దొలగెనట. పాశ్చాత్యుడు అహంకారముచేత విగ్రహము క్రింద తన పేరు చెక్కుకొనగా, మనవాడు వైరాగ్యముచేత చెక్కుకొనలేదట. వినుట కిది యింపుగానే యున్నది. ఇంపైన మాటలన్నియు నిజములగునా యని విచారించుట విమర్శకుని ధర్మము. అట్టి విచారణకు మన మైదానములలోను, వాని చుట్టుపట్లను దొఱకిన రెండు రాళ్లు సాక్ష్యము చెప్పుటకు సిద్ధముగా నున్నవి. ఆ సాక్ష్యమును పాఠకుల యెదుట నుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదటి రాయి నాగార్జునకొండలోనిది. పల్నాటి సీమలో కృష్ణ యొడ్డున, నల్లమల కొండలు మూడువైపుల గోడకట్టినట్లున్న లోయలో, క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి యుండెను. ఆ శిథిలములు 1926లో పురాలిపి పరిశోధకుల కంటబడెను. 1927 మొదలుకొని లాంగుహర్స్టు దొర త్రవ్వకములు జరిపెను. దొఱకిన శాసనములను హాలెండు దేశీయుడగు వోగెలు పండితుడు చదివి ప్రకటించెను. వానిలో నొకటి బోధిసిరి యను ఉపాసికది. వీరపురుషదత్తుని 14వ పాలనవర్షమున, సింహళమునుండి వచ్చిన థేరులకొఱకు, విజయపురికి తూర్పుననున్న చులధమ్మగిరి విహారమునందు ఆమె ఒక చైత్యగృహమును కట్టించెను. దానితోనే తృప్తి చెందక, వేర్వేఱు విహారములలో తాను చేయించిన మండపములను, గదులను, చెఱువును వరుసగా చెప్పుకొన్నది. ఒక గృహిణి ఇంత స్వతంత్రముగా, ఇంత విస్తారముగా దానము చేసి, దానిని తన పేరున ప్రకటించుకొన్న కాలమది. మన యిండ్లలోని స్త్రీలు ఈ శాసనమును ఒకమాఱు శ్రద్ధగా వినవలెను.

పని పర్యవేక్షణము చేసిన థేరులు మువ్వురు: చందముఖుడు, ధమ్మనంది, నాగుడు. వారి పేర్లును శాసనమున గలవు. వారి తరువాత, అన్నిటికంటె చివర, ఒక చిన్న వాక్య మున్నది. ఇది సెలవడ్ఢకి యగు విధికుని పని యని దాని భావము. అంతే. విధికుని తండ్రి యెవరో, ఊరేదో, ఎంత కూలి తీసికొనెనో, ఎన్నేండ్లు బ్రదికెనో శాసనము చెప్పదు. ఒక శిల్పి జీవితచరిత్ర యంతయు ఒక్క వాక్యమునం దిమిడిపోయినది. ఆ వాక్యమైనను ఎచ్చట చెక్కబడినది? ఆలయపు నుదుటిమీద కాదు; చైత్యగృహపు నేలకు పఱచిన రాతిమీద. వచ్చువారి పాదముల క్రిందనే ఆ పేరు పదునారు శతాబ్దములు పడియుండెను.

ఆ యొక్క మాటయైన సెలవడ్ఢకి యనుదానిని కొంచెము విడదీసి చూతము. సెల యనగా శిల, ఱాయి. వడ్ఢకి యనునది సంస్కృతమున వర్ధకి. అనగా కొయ్యపని చేయువాడు. మన పల్లెలలో నాగలిని, బండిచక్రమును చేయువానిని వడ్రంగి యని పిలుతుము గదా, ఆ మాటకు నిది చుట్టమే. విధికుని తనకాలమువారు శిల్పాచార్యుడనలేదు, విశ్వకర్మ యవతారమనలేదు, రాతివడ్రంగి యనిరి. ఈ పేరులో చిన్నతనము లేదు. పైగా, ఆంధ్రశిల్పము ఎట్లు పుట్టి పెరిగెనో ఆ మాటయే మనకు చెప్పుచున్నది.

ఏలయన, అమరావతి స్తూపము చుట్టునుండిన ప్రాకారమును తొలుత రూపించినవారు కొయ్యపనిని మఱవలేదు. నిలువుకంబములకు తొలులు తొలిచి, వానిలో అడ్డపట్టెలను దూర్చి, పైన దూలమును కూర్చుట తోటకు దడి కట్టు వడ్రంగి చేయు పని. రాతికి ఆ తొలులతో నిమిత్తము లేదు; రాయి తన బరువుచేతనే నిలువగలదు. అయినను చేతికి వచ్చిన విద్య చేతిని విడువదు. మన శిల్పి కొన్ని తరములు రాతిని కొయ్యవలెనే మలచెను. అతని గొప్పతనము ఆ యలవాటులో లేదు. దానిని దాటుటలో నున్నది. పల్నాటి సున్నపురాయి మెత్తనిది, నునుపైనది, లేతాకుపచ్చ చాయ గలిగిన తెల్లనిది. చూచిన దొరలు దానిని చలువరాయి యని భ్రమపడి అట్లే పిలిచిరి. ఉలికి లోబడు నీ రాతిలో లోతు కలదని, ఆ లోతును కథకు వాడుకొనవచ్చునని కనుగొన్ననాడు రాతివడ్రంగి శిల్పి యయ్యెను. దానినే నేను అతని మొదటి ఆవిష్కరణమని చెప్పుదును.

ఇప్పుడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్న ఒక వృత్తఫలకమును దీనికి దృష్టాంతముగా చూపుదును. నలగిరి యను మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథ యందున్నది. ఎడమవైపున ఏనుగు వీథిలోనికి దూకి జనులను తొక్కుచున్నది; ఒకనిని తొండముతో పట్టి యీడ్చుచున్నది. బెదరిన స్త్రీ యొకతె ప్రక్కనున్నవానిని పట్టుకొన్నది. మేడల గవాక్షములనుండి ముఖములు తొంగి చూచుచున్నవి. కుడివైపున అదే యేనుగు మోకాళ్లూని తల వంచినది. ఒకే వృత్తములో ఒకే మృగము రెండుమాఱులు కనబడినను చూపఱకు రెండేనుగులను భ్రాంతి కలుగదు. నడుమ గడచిన కాలము మాత్రము గోచరించును. భర్హుతములోని శిల్పి బొమ్మలను వేఱువేఱుగా నిలిపి, ప్రక్కన పేర్లు వ్రాసి కథను తెలిపెను. సాంచిలోని శిల్పి జనసమ్మర్దమును చూపెను గాని, దానిని కన్నుల యెదుట పఱచిన చాపవలె చూపెను. అమరావతివాడు మనుష్యులను వెనుకనుండి చూపెను, వంగినట్లు చూపెను, ఒకరి భుజముమీదుగా నొకరిని చూపెను. భయము గుంపులో ఒకనినుండి యొకనికి ఎట్లు ప్రాకునో చూపెను. శిల్పమున కాలమును, భయమును చెక్కుట సామాన్యమైన పని కాదు.

ఈ నేర్పు రోమకులనుండి వచ్చినదని కొందఱు పాశ్చాత్యు లనిరి. ఆంధ్రతీరమున రోమక నాణెములు దొఱకినమాట సత్యము. ఓడలలో సరకులతోపాటు ఊహలును వచ్చియుండవచ్చును. అట్లైనను, అరువు తెచ్చుకొన్న విత్తనమైనను మన నేలలో మన వానకు మొలవవలెను గదా. ప్రత్తి విత్తన మెచ్చటినుండి వచ్చినను దానిని పండించిన రైతును మనము తక్కువ చేయము. అమరావతి ఫలకములలోని దేహముల వంపు, ఆభరణముల కూర్పు, కన్నుల యరమోడ్పు రోమకము కాదు. ఈ వాదమునం దింతకంటె కాలము వ్యయపఱచుట యనవసరము.

శిల్పి ఆవిష్కర్తయునై యుండెననుటకు బొమ్మలకంటెను బలమైన సాక్ష్యము కట్టడములోనే కలదు. స్తూపమనగా ఇటుకల గుట్ట. గుట్ట పెద్దదైనకొలది నడుమ నింపవలసిన ఇటుక లెక్కలేనిదగును. నింపనిచో పైపొర కుంగి బ్రద్దలగును. నాగార్జునకొండలోని మనవారు ఈ చిక్కును బండిచక్రమును చూచి విడదీసిరి. నడుమ కుంభము, అంచున నేమి, నడుమనుండి అంచునకు ఆకులు: ఇవి యన్నియు ఇటుకగోడలు. గోడల నడుమ నేర్పడిన గదులను మట్టితో దట్టించి, దానిపైన గుమ్మటమును లేపిరి. ఇటుక మిగిలినది, బరువు నలుదెసలకు పంచబడినది, గోడ గోడను పట్టుకొని నిలిచినది. అచ్చటి మహాచైత్యముయొక్క వ్యాసము 106 అడుగులు. చిన్న స్తూపములకు తక్కువ ఆకులు, పెద్దవానికి ఎక్కువ ఆకులు నుండెను. ధర్మచక్రము బౌద్ధులకు పూజ్యమైన చిహ్నము. అది భూమిలోపల, కన్నులకు కనబడని చోట, భారమును మోయు యంత్రమాయెను. భక్తియు, గణితమును ఒకే గీతలో కలిసినవి. ఈ యుపాయమును కనిపెట్టినవాడు రాజు కాడు, థేరుడు కాడు. బండిచక్రమునకు ఆకులు కూర్చుట యెఱిగిన వడ్రంగి చేయియే దానికి మూలమని నాకు తోచుచున్నది.

ఇట్టిదే ఆయక వేదిక. స్తూపమునకు నాలుగు దిక్కుల నాలుగు వేదికలు ముందునకు పొడుచుకొని వచ్చును; ఒక్కొక్క వేదికపై ఐదేసి స్తంభములు నిలుచును. జననము, మహాభినిష్క్రమణము, బోధి, ధర్మచక్రప్రవర్తనము, నిర్యాణము అను ఐదు ఘట్టములకు అవి గుర్తులు. ఆ స్తంభములు కప్పును మోయవు. కంబ మనగా మోయునది యని యెఱిగిన వడ్రంగి, ఏమియు మోయని కంబములను నిలిపి, జ్ఞాపకమును మోయించెను. ఈ యాయక స్తంభములు ఆంధ్రదేశపు స్తూపములకే ప్రత్యేక లక్షణము.

ఇక రెండవ రాయి. అది సరిగా అట్టి ఆయక స్తంభములమీదనే యున్నది. కృష్ణకు ఉత్తరమున జగ్గయ్యపేట దగ్గఱి స్తూపమును 1882లో బర్జెసు దొర పరిశోధించెను. అచ్చటి స్తంభశాసనములను చదివిన వారిలో ముఖ్యుడు జర్మను దేశపు హానోవరు ప్రాంతమున బుట్టిన బూలరు పండితుడు. మన భట్టిప్రోలు మంజూషలమీది యక్షరములను విడదీసినవాడును ఆయనయే. జగ్గయ్యపేట శాసనము వీరపురుషదత్తుని 20వ పాలనవర్షము నాటిది. అందలి దాత రాజు కాడు, రాణి కాదు, వర్తకుడు కాడు. అతడు సిద్ధార్థు డను ఆవేశని. ఆవేశన మనగా కర్మశాల. ఆవేశని యనగా కర్మశాలకు పెద్ద. అతని తండ్రి నాకచందుడును ఆవేశనియే. ఆ తండ్రి ఊరు కమ్మకరఠములోనిదని శాసనము చెప్పుచున్నది. కమ్మకరఠ మన నేమి? గుండ్లకమ్మ యేటి పరిసరములతో కూడిన, నేడు ప్రత్తియు మిరపయు పండుచున్న, మన గుంటూరు ఒంగోలు మైదానములే.

ఈ సిద్ధార్థుడు స్తూపపు తూర్పువాకిట ఐదు ఆయక స్తంభములను తన దానముగా నిలిపెను. కూలికి చెక్కినవాడు కాడు. తన సొమ్ముతో ప్రతిష్ఠించినవాడు. పుణ్యమును పంచుకొనుటకు తనవారి నందఱిని పేరుపేరున పిలిచెను. ముందుగా తల్లి నాగిలని, తరువాత భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, తమ్ముడు బుధినకుడు, అతని భార్య, బిడ్డలు. ఇక్ష్వాకు రాజవంశముయొక్క వంశవృక్షమును పాఠశాలలలో వల్లె వేయించుచున్నాము. ఒక పనివాని యింట ఎవరెవరుండిరో, వారి పేర్లేమో, తల్లిని ముందు నిలిపి భార్యను, కూతురును విడువక చెప్పిన ఈ కుటుంబమును మాత్రము ఏ వాచకమునందును చేర్చలేదు.

ఈ రెండు రాళ్లను ప్రక్కప్రక్కన నుంచినచో వైరాగ్యసిద్ధాంత మేమగును? పేరు కోరనివాడు తన కూతురి పేరునుకూడ రాతిమీద చెక్కించునా? కీర్తియం దిచ్ఛ లేనివాని పేరును మువ్వురు థేరుల పేర్ల తరువాత చేర్చవలసిన యవసర మేమి? సాంచి దక్షిణ తోరణమునందును శాతకర్ణి రాజుయొక్క ఆవేశనియైన ఆనందుని పేరున్నది. అవకాశము లభించినచోట పనివాడు తన పేరును చెప్పుకొన్నాడు. లభింపనిచోట ఊరకుండినాడు. ఊరకుండుటకు వైరాగ్యమని పేరుపెట్టినవారు మనము.

దీనికి తోడు అమరావతిలో మఱియొక విధికు డున్నాడు. అతడు చర్మకారుడు; తోలుపని చేయువాడు. ఉపాధ్యాయుడగు నాగుని కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటమును చెక్కిన పలక నొకదానిని స్తూపమునకు సమర్పించెను. లూడర్సను మఱియొక జర్మను పండితుడు 1912లో బ్రాహ్మీ శాసనముల పట్టికను కూర్చినపుడు రాజుల శాసనములకు ఇచ్చినట్లే ఈ చర్మకారుని శాసనమునకును ఒక సంఖ్య నిచ్చెను. తోలుపనివాని తండ్రి ఉపాధ్యాయుడగుట, ఆ తోలుపనివాని పలక మహాచైత్యమున నిలుచుట, నాటి వారికి వింతగా తోచినట్లు శాసనములో జాడ లేదు. ఇటీవలి వఱకు అట్టివానిని గుడి గడప త్రొక్కనీయని మన సంఘమునకు మాత్ర మిది వింతయే. ఆ కాలమున కులభేదములు లేవని నేననను. అట్లనుట చరిత్రకు ద్రోహము. పేరు చెప్పుకొనుటకు చోటిచ్చిన వ్యవస్థ యొకటి యుండెననియు, ఆ చోటును తరువాత మూసివేసినవారము మనమే యనియు మాత్రమందును.

పాశ్చాత్యుని అహంకార మను మాటనుకూడ ఒకింత పరీక్షింతము. జర్మను దేశపు నురెంబర్గు నగరమున సెయింట్ లోరెంజు దేవాలయములో ఆదాము క్రాఫ్టు అను శిల్పి 1493 మొదలు 1496 వఱకు పనిచేసి, సుమారు 60 అడుగుల యెత్తుగల రాతి మందిరమును చెక్కెను. దాని యడుగున మోకాలూని, సుత్తియు ఉలియు చేతబట్టి, ఆ బరువును భుజములపై మోయుచున్నట్లు తన రూపమునే నిలిపెను. ఆ నగరమందే పీటరు విషరను పోతపనివాడు సెబాల్డు మహాత్ముని సమాధిని కంచుతో పోసి, దాని యంచున, తోలుగుడ్డ నడుమునకు కట్టుకొన్న తన చిన్న బొమ్మను నిలిపెను. ఇది అహంకారమా? అహంకారి సింహాసనముపై కూర్చుండును. ఆదాము క్రాఫ్టు బరువు క్రింద మోకరిల్లెను. ‘నేను పనివాడను, ఈ పని నాది’ అని చెప్పుటయే అచ్చటి భావము. నాగార్జునకొండ నేలపై నున్న విధికుని పేరును చెప్పునది యిదియే. రెండింటికిని నడుమ పండ్రెండువందల యేండ్ల యంతర మున్నది గాని గుణభేదము లేదు.

విమర్శకు డిచ్చట నొక హద్దును పాటింపవలెను. విధికుని పేరు దొఱకినది గదా యని నాగార్జునకొండలోని సుందరఫలకముల నన్నిటిని అతనికి అంటగట్టరాదు. శాసనము చెప్పినది చైత్యగృహపు పని, అంతవఱకే అతనిది. ఆవేశనియైన సిద్ధార్థుడు నిలిపినవి ఐదు స్తంభములు, అంతవఱకే అతనివి. నలగిరి ఫలకమును చెక్కిన చేయి మఱియొకటి. దొఱకిన యొక్క పేరును దొఱకని పేర్లన్నిటిపైన కప్పుటకూడ అన్యాయమే యగును. గుణవిచారమునందును పక్షపాతము కూడదు. నాగార్జునకొండ శిల్పి దీర్ఘమైన పట్టెలపై కథను చెక్కునపుడు ఘట్టమునకు ఘట్టమునకు నడుమ స్త్రీపురుషుల జంటనొకదానిని నిలిపి, గ్రంథమును ప్రకరణములుగా విభజించినట్లు విభజించెను. కథ సులభముగా తెలియును. కాని అమరావతి ఫలకములోని ప్రవాహము తెగినది. చక్కని విభాగము ఒక్కొకప్పుడు ఊపిరిని ఆపును. పేరు గలవాని కాలపు పని పేరు లేనివాని పనికంటె నెల్లచోట్ల మేలైనదని నేను వాదింపను. పేరు ప్రతిభకు బహుమానము కాదు, పనికి హక్కు.

ఆ హక్కును మఱచినందువలన నష్టము పనివానికి మాత్రమే కలుగలేదు. పని యెవరిదో తెలియనప్పుడు అది రాయిగా మిగులును. రాయి యని తోచినప్పుడు దానిని వాడుకొందురు. 18వ శతాబ్దపు చివర అమరావతి దిబ్బను ఇండ్ల కట్టుబడికై త్రవ్విరి. చెక్కిన పలకలు మెట్లకు, గోడలకు పోయినవి. కొన్నిటిని కాల్చి సున్నము చేసిరి. మెకంజీ దొర 1816లో పటములు వ్రాయించునాటికే చాల పోయినది. మిగిలినవానిని 1845లో ఇలియట్టు దొర త్రవ్వించి చెన్నపట్టణమునకు చేర్చగా, అవి యెండకు వానకు నాని, 1859లో ఓడ యెక్కి లండనునకు పోయి, అచ్చటను చాలకాల మొక మూల పడియుండి, తుదకు బ్రిటిషు మ్యూజియమునకు చేరెను. నాగార్జునకొండ లోయ గతి వేఱు. ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగెను. 1954 మొదలు 1960 వఱకు పురావస్తుశాఖవారు లోయనంతను త్రవ్వి, ముఖ్యమైనవానిని కొండపైకిని, అనుపునకును తరలించిరి. తక్కినది నీట మునిగినది. ఆ నీటితోనే నేడు మన పొలములు పచ్చబడుచున్నవి. కనుక విజయపురికి మనము రెండు విధముల ఋణపడితిమి: అన్నమునకును, అందమునకును.

పల్నాటి సున్నపురాయి నేటికిని మన కాళ్లక్రిందనే యున్నది. దానిని నాపరాళ్లుగా కోసి యిండ్లలో పఱచుకొనుచున్నాము. సిమెంటు కర్మాగారములలో పొడి చేయుచున్నాము. దుర్గిలో ఆ రాతితోనే విగ్రహములను మలచు శిల్పులు నేటికిని గలరు. తెనాలిలో పాత యినుప సామానును, బండ్ల విడిభాగములను కూర్చి నిలువెత్తు విగ్రహములను చేయు పనివారు గలరు. పనికిరానిదని పాఱవేసిన చక్రపు పండ్లను వ్రేళ్లుగా, గొలుసును వెండ్రుకలుగా మార్చగల కన్ను ఆవిష్కర్త కన్ను కాక మఱేమి? చక్రమును స్తూపగర్భమున నిలిపిన వడ్రంగికి వారు వారసులే. వారిచే మన నాయకుల విగ్రహములను చేయించి కూడలులలో నిలిపి, పీఠముపై ఆవిష్కర్తయని యొక పేరు చెక్కించుచున్నాము. ఆ పేరు ముసుగు తొలగించిన పెద్దమనుష్యునిది! భాష యెంత కఠినముగా పరిహసించుచున్నదో చూడుడు: లేనిదానిని కల్పించినవానికి చెందవలసిన మాట గుడ్డను లాగినవానికి చెందినది.

కావున చదువరులకు నా విన్నప మొకటి. మన యిండ్లలో బావి త్రవ్వించినపుడు, గ్రంథాలయము కట్టించినపుడు, తల్లిదండ్రుల జ్ఞాపకార్థము బడికి గది చేయించినపుడు, పలక చెక్కింపకపోము. ఆ పలక చివర నొక్క పంక్తిని విడిచిపెట్టుడు. తాపీమేస్త్రీ పేరు, రాతిపనివాని పేరు, కొయ్యపనివాని పేరు అందు చేర్పుడు. దానికై యధికముగా వ్యయము కాదు. పది యక్షరముల చోటు చాలును. బోధిసిరి యను గృహిణి పదునేడువందల యేండ్లకు పూర్వము ఆ చోటును విడిచినది. తన పేరు, తనవారి పేర్లు, థేరుల పేర్లు చెక్కించిన పిమ్మట, చేయి చాపి పనివానినికూడ పిలిచినది. అందువలన ఆమె కీర్తి రవంతయు తగ్గలేదు. నేడు ఆమెనుగూర్చి వ్రాయువారందఱు విధికుని వ్రాయకుండ ముగింపలేరు. విధికునిగూర్చి వ్రాయువారు ఆమెను తలపకుండ మొదలుపెట్టలేరు. కట్టించినవారును, కట్టినవారును ఒకే రాతిమీద నిలిచినప్పుడు ఆ రాయి ఇద్దఱను కాపాడును.